పన్నెండో చోటు

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ శ్యామసుందరి గారికి, నెల రోజుల నుంచి ఈ హాలు కోసం కౌన్సిల్ ఆఫీసు చుట్టూ తిరిగిన మన తెలుగు సంఘం కార్యదర్శి వాసుదేవరావు గారికి, నా గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి అందులో పదిహేను నిమిషాలు నాక్కూడా తెలియని సంగతులు చెప్పిన తమ్ముడు ద్వారకానాథ్‌కి (నవ్వులు), ముందు వరసల్లో ఉన్న పెద్దలకి, మా చర్చి నుంచి వచ్చిన అన్నయ్యలకి, అక్కయ్యలకి, వెనకాల గోడకి ఆనుకుని బిర్యానీ మూతలు ఎప్పుడు తీస్తారా అని చూస్తున్న యూనివర్సిటీ పిల్లలకి, అందరికీ వందనాలు. డార్విన్ నుంచి రాత్రి విమానం పట్టుకుని మరీ వచ్చిన మా బావమరిది శేషగిరికి వేరే నమస్కారం, ఎందుకంటే అది చెప్పకపోతే వాడు భోజనం చెయ్యడు. (నవ్వులు)

ఇంకొకరికి కూడా చెప్పాలి. మూడో వరస చివర, నల్లకోటు వేసుకుని, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చున్న ఆవిడ పేరు లూచియా. ఇటలీ ఆవిడ. ఇక్కడే సిడ్నీలో, గ్రాన్‌విల్‌లో ఉంటారు. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర బల్లమీద మీరంతా రెండేసి మూడేసి తీసుకున్న బాదం బిస్కెట్లు ఆవిడ చేసినవే. ఈ సభలో తెలుగు రాని మనిషి ఆవిడ ఒక్కరే, కాబట్టి పక్కన మా అమ్మాయి ఎల్సాని కూర్చోబెట్టాను. మా ఎల్సా తెలుగు మాట్లాడదు గాని దానికి అర్థం కాని తెలుగు లేదు, చిన్నప్పుడు వాళ్ళమ్మ పెట్టిన చీవాట్లన్నీ తెలుగులోనే కదా. ఎల్సా, నేను చెప్పేదంతా ఆంటీకి ఇంగ్లీషులో చెబుతున్నావా తల్లీ? "ఐ యామ్, డాడ్, జస్ట్ గో స్లో" అంటోంది. సరే, నెమ్మదిగానే చెబుతాను. ఒక్క ముక్క కూడా వదలకు.

పదవీ విరమణ సభలో మనిషిని పొగడటం మన ఆచారం. బతికుండగా పొగడ్తలు వినే అవకాశం పెళ్ళిలో ఒకసారి, రిటైర్మెంటులో ఒకసారి వస్తుంది, పెళ్ళిలో అయినా ఆడపెళ్ళివాళ్ళు అడ్డం పడతారు. (నవ్వులు) ద్వారకానాథ్ నన్ను "మధ్యధరా సముద్రాన్ని కాపాడిన తెలుగు బిడ్డ" అన్నాడు. ఎంతో కష్టపడి ఇంటర్నెట్‌లో వెతికి, తోరె బియాంకా అనే అక్కడి చిన్న అఖాతం మ్యాపు పట్టుకుని, పెద్దది చేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించి నాకు జ్ఞాపికగా ఇచ్చాడు. ఇదిగో, ఈ కుర్చీలో ఉంది. నీలం నీళ్ళు, తెల్ల బురుజు, మధ్యలో ఎర్రగీత. ఆ గీత లోపలికి ఏ పడవా, ఏ వలా, ఏ మనిషీ రాకూడదని అర్థం. ఆ గీత గీసింది నేనే, ఆ మాట నిజం. ఆ తర్వాత ద్వారకానాథ్ చెప్పిందే నిజం కాదు. ఈ మాట ఈ రోజు చెప్పకపోతే ఇంక నాకు మైకు ఎవరూ ఇవ్వరు.

ముందు అక్కడి గడ్డి గురించి చెప్పాలి. పొసిడోనియా అనే గడ్డి ఉంది. నాచు కాదు, నిజమైన గడ్డే. పువ్వు పూస్తుంది, కాయ కాస్తుంది, కాకపోతే అన్నీ నీళ్ళ అడుగున చేస్తుంది. చేపలు దాంట్లో గుడ్లు పెడతాయి, దాని వేళ్ళు ఇసకని పట్టి ఉంచుతాయి, రాలిన ఆకులు చలికాలంలో ఒడ్డున మనిషి ఎత్తు దిబ్బలుగా పడి కెరటాలని ఆపుతాయి. టూరిస్టులు చూసి చెత్త అనుకుంటారు. ఏడాదికి వేలెడు పెరిగితే చాలా పెరిగినట్టు, అందుకే కొన్ని మడులు వేల ఏళ్ళ నాటివి. ఈ గడ్డి చుట్టాలు ఈ భూమ్మీద ఇంకెక్కడున్నాయో తెలుసా? ఇక్కడే, మన ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో. మీరు వీకెండుకి బార్బెక్యూ పెట్టుకుని బీచిలో కాళ్ళకి తగిలితే ఛీ అని విదిలించే ఆకులు అవే. నేను ఇక్కడ ఆ గడ్డి మడులను కొలిచే ఉద్యోగం చేశాను కాబట్టే, ఇరవై రెండేళ్ళ కిందట తోరె బియాంకావాళ్ళు రక్షిత ప్రాంతం పెడదామనుకున్నప్పుడు, మూడేళ్ళ ఒప్పందం మీద నన్ను పిలిచారు.

అంత అందమైన నీళ్ళు నేను మళ్ళీ చూడలేదు. పడవలోంచి వంగితే పది బారల లోతున గడ్డి ఊగడం కనపడేది. మధ్యలో మూరెడు పొడుగు ఆలిచిప్పలు నిలబడి ఉండేవి. వాటిల్లో చాలా మటుకు తర్వాత ఏదో జబ్బొచ్చి పోయాయి, అది నా తప్పు కాదు, నా తప్పు కానివి కూడా చెప్పుకోవాలి కదా.

ఆ అఖాతంలో పదకొండు పడవలు ఉండేవి. చిన్నవి, చెక్కవి, ఒక్కోదాంట్లో ఇద్దరు మనుషులు పట్టేవి. వల వేసే చోట్లు మాత్రం పన్నెండు. ప్రతి ఏడూ వసంతంలో వాళ్ళ పునీతుడి పండగ నాడు, చర్చి మెట్ల మీద, పడవలవాళ్ళ పెద్ద తన టోపీ తిరగేసి పట్టుకునేవాడు. అందులో పన్నెండు గులకరాళ్ళు, ఒక్కో రాయి మీద ఒక్కో చోటు గుర్తు. పదకొండు మంది చెయ్యిపెట్టి తలొకటీ తీసుకునేవారు. ఎవరికి ఏది వస్తే ఆ ఏడాది వాళ్ళకి అదే. టోపీలో ఒక్క రాయి మిగిలిపోయేది. దాన్ని పెద్ద తీసి అందరికీ చూపించి జేబులో వేసుకునేవాడు. ఆ ఏడాది ఆ చోట ఎవరూ వల వెయ్యరు. పై ఏడు ఇంకో చోటు. ఎన్ని తరాలుగా అలా చేస్తున్నారని అడిగితే, పక్కన నిలబడ్డ ముసలమ్మ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. గడ్డి అంత దట్టంగా ఎందుకుందో నాకు ఆ మెట్ల మీదే అర్థమైంది.

నాకు అర్థం కాకపోతే ఆశ్చర్యపోవాలి. మాది ఉప్పాడ పక్కన పల్లె. మా నాన్న అలివి వల, అంటే ఒడ్డుకి లాగే పెద్ద వల, లాగేవాడు. ఒక్కో వలకి ఒక్కో వంతు, వంతు దాటి వల దింపితే పెద్దలు తప్పు వేసేవారు. నాకు పదమూడేళ్ళు వచ్చేదాకా నాన్న పడవలో కూర్చున్నాను. "ఒరే ఐజాకూ, మనం ఏసే సోటు గురించి ఎవడైనా సెప్తాడు, ఏయకుండా మానుకునే సోటు ఏదో తెలిసినోడేరా బెస్తోడు" అనేవాడు. మనం వెయ్యని చోటే మనల్ని బతికిస్తుందని ఆయన లెక్క. ఆయనకి సంతకం రాదు.

ఇప్పుడు నా రిపోర్టు సంగతి. నా నోట్‌బుక్‌లో ఆ టోపీ గురించి నాలుగు పేజీలు రాసుకున్నాను. పడవలని ఉండనివ్వండి, బయటవాళ్ళని ఆపండి, ఆ పన్నెండో చోటుని చట్టంలో పెట్టండి అని రాయాలని నాకు తెలుసు. రాయలేదు. ఎందుకు రాయలేదో చెబుతాను, నవ్వకండి. కాలేజీలో నన్ను "చేపలోడు" అనేవారు. ఉతికిన చొక్కా వేసుకున్నా ముక్కు మూసుకునేవారు. ఆ పేరు వదిలించుకోవడానికే నేను చదివాను, పీహెచ్‌డీ చేశాను, ఇంత దూరం వచ్చాను. రోమ్ నుంచీ, పారిస్ నుంచీ వచ్చిన పదిమంది శాస్త్రవేత్తల ముందు నిలబడి, అయ్యా, టోపీలో గులకరాళ్ళు వేస్తారండీ, మా నాన్న కూడా ఇలాగే చేసేవాడండీ అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. అందరూ సుబ్బరమైన గీత కోరుకున్నారు. పెన్సిలు తీసుకుని సుబ్బరమైన గీత గీశాను. పన్నెండు చోట్లూ దాని లోపలికి వచ్చేశాయి. మత్స్యకారులకి ఆ మ్యాపు చూపించే మీటింగు రోజున నాకు జ్వరమని కబురు పంపి హోటల్లో పడుకున్నాను. జ్వరం లేదు.

మంచినీళ్ళు ఇటు ఇవ్వమ్మా హరిప్రియా.

మొదటి నాలుగేళ్ళు లెక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి. చేప పెరిగింది, నాకు పేరొచ్చింది, ద్వారకానాథ్ చదివిన అవార్డులన్నీ అప్పటివే. పడవలు మాత్రం ఒకటొకటే ఒడ్డెక్కాయి. కొన్ని అమ్ముకున్నారు, రెంటిని హోటలువాళ్ళు కొని పూలమొక్కలు పెట్టారు. కుర్రాళ్ళు ఊళ్ళు పట్టుకుపోయారు. అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఇదివరకు తెల్లవారుజామున ఆ నీళ్ళలో పదకొండు పడవలు ఉండేవి, పరాయి పడవ ఏదొచ్చినా కేకలేసి తరిమేవారు. ఇప్పుడు కేకేసే మనిషి లేడు. కాపలాకి ఒక్క బోటు, అది కూడా ఆఫీసు టైములో. ఎండాకాలం వచ్చే షికారు పడవలకి నా గీత నీళ్ళమీద కనపడుతుందా? గాలి తగలని చోటు కదా అని అక్కడే లంగరు వేసేవారు. లంగరు లేపినప్పుడల్లా చాపంత గడ్డి వేళ్ళతో సహా ఊడొచ్చేది. హోటళ్ళవాళ్ళు ఒడ్డున ఆకుల దిబ్బలు యంత్రాలతో ఎత్తి పారేయించారు, వాటి వెనకే ఇసకా పోయింది. నీళ్ళు వేడెక్కడం కూడా కారణమే, అంతా నా నెత్తినే వేసుకోను. కానీ పదిహేనేళ్ళ తర్వాత తీసిన మ్యాపు చూశాను. గడ్డిలో మూడో వంతు లేదు. కంచె చేను మేసిందంటారే, ఆ కంచె వేసినవాణ్ణి నేను. వెయ్యేళ్ళు పట్టిన దాన్ని తిరిగి పెట్టడం నా వల్లా కాదు, నా తర్వాత వచ్చేవాళ్ళ వల్లా కాదు.

ఎల్సా ఆగిపోయింది. నాకు కనపడుతోంది తల్లీ. ఇప్పుడే ఆగొద్దు. అసలు ఆవిడ వినాల్సింది ఇక్కణ్ణుంచే.

ఏడేళ్ళ కిందట, ఇక్కడే పారమట్టాలో, ఒక శనివారం పొద్దున చేపల కొట్లో ఒక ముసలాయన కొట్టువాడితో తగువు పడుతున్నాడు. చేప కన్ను చూపించి, ఇది నిన్నటిది, నన్నెవరనుకున్నావు అంటున్నాడు. ఆ యాస విని తిరిగి చూశాను. ఆనాడు చర్చి మెట్ల మీద టోపీ పట్టుకున్న మనిషి. పదకొండు పడవల పెద్ద, సాల్వతోరె. పండగ నాడు ఆయన్ని నేను గుంపులోంచి చూశాను గాని, ఆయన నన్నెప్పుడూ చూడలేదు. పడవ అమ్మేసుకున్నాక, భార్య పోయాక, సిడ్నీలో ఉన్న కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. ఆ కూతురే లూచియా గారు. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పకుండా ఏం చేశానంటే, ఆయన చేతిలో చేప తీసి పక్కన పెట్టి, మంచిది ఏరి ఇచ్చాను. "నువ్వెవరు?" అన్నాడు. ఇండియావాణ్ణి, చేపలు పట్టేవాళ్ళ బిడ్డని అన్నాను. నా జీవితంలో ఆ మాట సిగ్గు లేకుండా చెప్పింది అదే మొదటిసారి. ఇటాలియన్ ఎక్కడ నేర్చుకున్నావంటే, ఇక్కడి మార్కెట్లో అన్నాను. అది అబద్ధం.

అప్పట్నుంచి ఆరేళ్ళు ప్రతి శుక్రవారం సాయంత్రం నేను ఆయన ఇంటికి చేప పట్టుకెళ్ళాను. మూడో అంతస్తు, కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు. ఇద్దరం కలిసి చేప బాగుచేసేవాళ్ళం. వల లాగే పాట ఆయన ఒక చరణం అందుకునేవాడు, నేను మా నాన్న హైలెస్సా అందుకునేవాణ్ణి. ఒకరి పాటలో మాటలు ఒకరికి తెలియవు గాని చేతులు ఒక్కచోటే బిగిసేవి. లూచియా గారు వంటింట్లోంచి చూసి, పిచ్చివాళ్ళు అని నవ్వేవారు. మా ఆవిడ సువర్ణకుమారికి ఒక్కదానికే అసలు సంగతి తెలుసు. "చేపలు మొయ్యడం కాదండీ, నోరు తెరవండి" అని ప్రతి గురువారం చెప్పేది. ప్రతి శుక్రవారం నేను నోరు మూసుకుని వచ్చేవాణ్ణి.

నోరు తెరవడం ఎందుకంత కష్టమైందంటే, ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. రెండు మూడు వారాలకి ఒకసారైనా, ఉన్నట్టుండి కత్తి కింద పెట్టి అడిగేవాడు. "ఆ గీత గీసినవాడు, ఎవడో దూరం నుంచి వచ్చాడట, వాడు బతుకులో ఎప్పుడైనా పడవలో కూర్చున్నాడంటావా?" దొంగకి తేలు కుట్టినట్టు తల వంచుకుని, నాకు తెలియదండీ అనేవాణ్ణి. ఆయనే జవాబు చెప్పుకునేవాడు. "కూర్చుని ఉండడు. కూర్చున్నవాడైతే గియ్యడు. పాపం, వాడికి తెలియదు." అలా అనుకుని మళ్ళీ కత్తి తీసుకునేవాడు. నన్ను ఆ మాటతో క్షమించేసేవాడు, ఎవర్ని క్షమిస్తున్నాడో తెలియకుండా. ఆ క్షమాపణ నాకు ఎంత హాయిగా ఉండేదో ఈ రోజు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. దానికోసమే వెళ్ళేవాణ్ణేమో కూడా.

ఒకసారి సముద్రం ఎటు అని అడిగితే పారమట్టా రేవులో ఫెర్రీ ఎక్కించాను. కాస్త దూరం పోయాక ఒక రేవు దగ్గర దిగి, వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. "సగమే ఉప్పు" అన్నాడు. మిగతా సగం కోసం ఇంకో రోజు వెళదామన్నాను. ఆ రోజు రాలేదు. నిరుడు చలికాలం, జూలైలో పోయాడు. ఆఖరి శుక్రవారం నాకు ఒక వస్తువు ఇచ్చాడు. వల అల్లే చెక్కసూది, వాళ్ళ తాతది, చేతిచెమటకి నల్లబడింది. "నా మనవలు కంప్యూటర్లు చూసుకుంటారు, బెస్త బిడ్డవి, నీ దగ్గరుంటే దీనికి మర్యాద" అన్నాడు. తీసుకున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. సమాధి మీద మన్ను వేసేటప్పుడు లూచియా గారు నన్ను కౌగిలించుకుని, మా నాన్నకి ఈ దేశంలో నువ్వొక్కడివే స్నేహితుడివి అన్నారు. అప్పుడు కూడా చెప్పలేదు.

సువర్ణా, అలా కళ్ళు తుడుచుకోకు, నువ్వు చెప్పిన పనే చేస్తున్నాను, ఏడేళ్ళు ఆలస్యంగా. డాక్టరు గారూ, ఇది సన్మానసభా, ఒప్పుకోలు సభా అని మీరు అనుకుంటూ ఉంటారు. వాసుదేవరావు గారు వాచీ చూసుకుంటున్నారు, బిర్యానీ చల్లారుతోంది, నాకు తెలుసు. రెండు నిమిషాలు.

ఇక్కడ మెరైన్ సైన్సు చదువుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, కౌశల్, సృజన, మీకు నీతులు చెప్పను. నీతి చెప్పే అర్హత పోగొట్టుకున్న పని గురించే ఇంతసేపు చెప్పాను. అందరికీ నా కృతజ్ఞతలు. కుర్చీలు వేసినవారికి, వండినవారికి, ముప్ఫై ఏళ్ళు నా ఇంటిమనుషుల్లా ఉన్నవారికి. ద్వారకానాథ్, నువ్వు ప్రేమతో తెచ్చావు, కాదనడం కష్టంగా ఉంది, కానీ ఈ మ్యాపు నేను ఇంటికి తీసుకెళ్ళలేను తమ్ముడూ. శాలువా ఉంచుకుంటాను, పెద్దవాణ్ణయ్యాను, చలేస్తోంది.

ఎల్సా, ఇంక ఈ నాలుగు మాటలే. నువ్వేం మార్చకుండా చెప్పు. చెక్కసూది నా జేబులో ఉంది. నేను ఇప్పుడు కిందకి దిగి ఆవిడ చేతికి ఇస్తాను. తీసుకోవడం, నా మొహాన కొట్టడం ఆవిడ ఇష్టం. ఆవిడ లేచి నిలబడ్డారు. వెళ్ళిపోయినా ఎవరూ ఆపకండి, దారి ఇవ్వండి. కానీ ఒక్క మాట వినిపించు. వాళ్ళ నాన్నగారు చనిపోయేదాకా నన్ను ఒక ప్రశ్న అడిగారని, నేను తెలియదన్నానని చెప్పు. దాని జవాబు ఇది.

కూర్చున్నాడమ్మా. ఆ గీత గీసినవాడు పదమూడేళ్ళ దాకా వాళ్ళ నాన్న పక్కన పడవలోనే కూర్చున్నాడు. వాడికి అన్నీ తెలుసు.

సెలవు.